అమ్మకీ నాయనకీ నడుమ నా గొంతు

"ఆ చెంబు తీసి బయట పెట్టండి," అంది డాక్టరమ్మ.

నర్సు వచ్చి చెంబు పట్టుకుంది. అమ్మ వదల్లేదు. రెండు చేతులతో చెంబును ఒళ్ళోకి లాక్కుని, "నీళ్ళు తాగే చెంబు కూడా మీకు అడ్డమేనా తల్లీ?" అని అడిగింది.

ఆస్పత్రి గదిలో చాపల మీద మా ఇంటిల్లిపాదీ కూర్చుని ఉన్నాం. గోడకు ఆనుకుని నాయన. ఆయనకు ఎదురుగా అమ్మ. గుమ్మం పక్కన పీట మీద జేజి, అంటే నాయనను కన్నతల్లి. నా చాప అమ్మకూ నాయనకూ సరిగ్గా మధ్యలో వేసి ఉండింది. వేయమని ఎవరూ చెప్పలేదు, నేనే వేసుకున్నాను. డాక్టరమ్మ వచ్చీ రాగానే నన్ను లేపి, కిటికీ దగ్గర తన పక్కన కూర్చోబెట్టుకుంది. తరువాత అమ్మతో, "ఇప్పుడు మీ ఇంటాయనతో మాట్లాడండి మా. పాపతో వద్దు. ఆయనతో," అంది. ఆమెది అరవదేశం. తెలుగు కూడబలుక్కుని మాట్లాడేది.

అమ్మ నాయన వైపు చూడనైనా లేదు. ముందున్న నీళ్ళ చెంబుతో చెప్పింది. "చెంబూ, ఆ మనిషి పొద్దున కూడా సరిగా తినలా. ఎందుకో అడుగు."

నాయన గోడ వైపు తిరిగి, "ఆకలి లేదని చెప్పు చెంబూ," అన్నాడు.

జేజికి నవ్వాగలేదు. పళ్ళు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. నాకూ నవ్వొచ్చింది. డాక్టరమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే చెంబు తీసేయమంది. చివరికి అమ్మ చెంబు వదిలింది. చెంబు పోయాక ఆమె చేతులు ఒళ్ళో ఏం చేయాలో తెలియనట్టు పడి ఉన్నాయి. నాకు గొంతు బిగుసుకుపోయింది. ఇప్పుడు నేనొక్క మాట అంటే చాలు, అందరికీ ఊపిరాడుతుంది. నోరు తెరిచాను. డాక్టరమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి, "నువ్వు వద్దు," అంది.

ఆ గొంతు జబ్బు గురించే ఇది రాస్తున్నాను. ఇప్పుడు నాకు నయమైంది. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకోండి. మీ ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే పనికొస్తుందేమోనని మొదలుపెట్టాను. కొంత నాకోసం కూడా.

మాది సూళ్ళూరుపేట. నాయన దూది ఏకుతాడు, పరుపులు కుడతాడు. భుజాన విల్లు వేసుకుని, దాని నారి టంగ్ టంగ్ మని మీటుకుంటూ వీధి వెంట పోతే, ఆ చప్పుడు విని ఆడవాళ్ళు గట్టిపడిపోయిన పాత పరుపులు బయటికి తెచ్చేవారు. నాయన అరుగు మీదే పరుపు విప్పి, దూది ఏకి, మళ్ళీ కొత్తదానిలాగా కుట్టి ఇచ్చేవాడు. కాలవ వెంబడి ఉన్న పల్లెలకు కూడా పోయేవాడు. సరుగుడు కట్టెల పడవలు మద్రాసుకు పోతూ వస్తూ ఉంటాయి గదా, వాటిలో ఎక్కి పోయి, పని చూసుకుని, వాటిలోనే వచ్చేవాడు.

మా ఇంట్లో జేజి ఎదుట కోడలు మొగుడితో మొహం చూసి మాట్లాడకూడదు. జేజి తన అత్త ఎదుట మాట్లాడలేదు, అమ్మ జేజి ఎదుట మాట్లాడలేదు. మావాళ్ళలో చాలా ఇళ్ళలో ఇంతే. బిడ్డ పుట్టేదాకా గోడకో పిల్లికో చెబుతారు. బిడ్డ పుట్టాక బిడ్డకు చెబుతారు. నాకు మాటలు వచ్చినప్పటి నుంచి నేనే. "మస్తానూ, మీ నాయనకు నీళ్ళు తోడినా అని చెప్పు మే." నాయన అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని వింటూ ఉండేవాడు. అయినా నేను చెప్పాలి. "వస్తా ఉండానని చెప్పు పాపా." అది కూడా నేనే చెప్పాలి. అది మాకు ఆటలా ఉండేది. నేను మధ్యలో నా సొంత మాట ఒకటి కలిపేదాన్ని. "అమ్మ బెల్లం తెమ్మంటా ఉండాది నాయనా," అంటే, "నేనెప్పుడన్నా మే!" అని అమ్మ అరిచేది. నాయన బెల్లం తెచ్చేవాడు.

తరువాత తమ్ముడు ఖాదరు పోయాడు.

వాడికి అప్పుడు ఆరేళ్ళు. పడవ ఎక్కాలని రోజూ గోల చేసేవాడు. ఒకరోజు నాయన వెంట తీసుకుపోయాడు. సాయంత్రం నాయన ఒక్కడే వచ్చాడు. కాదు, ఒక్కడే రాలేదు. పడవవాళ్ళు వాణ్ణి చాపలో చుట్టి తెచ్చారు. "చెయ్యి జారినాడు," అన్నాడు నాయన. ఆ తరువాత ఆ సంగతి ఇంకేమీ మాట్లాడలేదు. అమ్మ అడగలేదు. జేజి ఉందని అడగలేదో, అడగడానికి నోరు రాలేదో నాకు తెలియదు.

ఖాదరుకు చిన్న పరుపు ఒకటి ఉండేది. వాడు పుట్టినప్పుడు నాయన బూరుగు దూదితో కుట్టాడు. పోయినవాళ్ళ పరుపు ఎవరికన్నా ఇచ్చేయడమో, విప్పి ఏకి వేరే పనికి వాడటమో చేస్తారు. నాయన విప్పబోతే అమ్మ దాని మీద పడుకుంది. "ఈ పరుపు మీద చెయ్యి పడితే నేను కాలవలో పడతానని చెప్పు," అంది నాతో. నేను నాయనతో, "అమ్మ కొన్నాళ్ళు ఆగమంటా ఉండాది నాయనా," అని చెప్పాను.

అప్పటి నుంచి నేను చేసింది అదే. అమ్మ "ఆ మనిషిని తినమను," అంటే, నేను "అమ్మ నీకోసం వేడిగా పెట్టింది నాయనా," అనేదాన్ని. నాయన ఏమీ అనకుండా లేచిపోతే, "పనుందంట అమ్మా," అనేదాన్ని. జేజి దర్గాకు పోయిన రోజున కూడా, ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నప్పుడు కూడా, వాళ్ళు నా ద్వారానే మాట్లాడుకున్నారు. అప్పుడు నాకు తెలిసింది, ఇది ఇక ఆచారం కాదని. పగలు అమ్మ తన కడుపులో ఉన్నదంతా నాకు చెప్పేది. చెప్పి చెప్పి, "నువ్వు లేకుంటే నేను ఉండను మే," అనేది. ఆ పరుపు నా తలాపి పక్కనే చుట్టి ఉండేది.

అరవై రెండో సంవత్సరం రంజాను నెలలో జబ్బు మొదలైంది. ఒక్కపొద్దు విడిచేటప్పుడు ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. దిగలేదు. గొంతులో ఎవరో పిడికిలి మూసినట్టు ఉంది. గంజి తాగితే ముక్కులోకి వచ్చింది. మొదట్లో ఎవరికీ తెలియలేదు, ఒక్కపొద్దు నెల గదా. "పిల్లకు భక్తి ఎక్కువయింది," అని జేజి మురిసిపోయింది కూడా. పండుగ నాడు సేమ్యా పాయసం ముందు పెట్టుకుని ఏడుస్తుంటే అప్పుడు చూశారు.

దిష్టి తీశారు. దర్గాలో తాయెత్తు కట్టించారు. పేటలో మందులిచ్చే ఆయన సీసాలు సీసాలు ఇచ్చాడు. ఎండాకాలం పోయి వానలు వచ్చేసరికి నా గాజులు మోచేతి దాకా పోయేవి. నాకు సంబంధం చూసినవాళ్ళు ఒకసారి వచ్చి, నా మెడ చూసి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ రాలేదు. దానికి నేను పెద్దగా బాధపడలేదు. నేను ఏ ఇంటికైనా పోతే ఈ ఇంట్లో మాట ఎవరు మోస్తారు?

వానల్లోనే నెల్లూరు పెద్దాస్పత్రికి పోయాం. అక్కడి బెంచీల సంగతి చెప్పాలి. పొద్దున పోతే సాయంత్రానికి పిలుస్తారు. కాళ్ళకు కట్లు, గుడ్డల్లో చుట్టిన పసిబిడ్డలు, ఫినాయిలు వాసన, తడిసిన గొడుగుల వాసన. మా పక్కన బుచ్చిరెడ్డిపాళెం నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. వరి పొలాలవాళ్ళు. భర్తకు కడుపులో ఏదో వాపు. ఆమె మజ్జిగ గ్లాసులో పోసి నాకిచ్చింది. నేను గొంతు చూపించి తల తిప్పాను. ఎందుకు తాగలేవని అడగలేదు, తాగమని బలవంతం చెయ్యలేదు. "చేత పట్టుకో తల్లీ, చల్లగా ఉంటాది," అంది. నేను సాయంత్రం దాకా ఆ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళయినా ఆమె నాకు గుర్తుకొస్తూనే ఉంటుంది. ఆమె భర్త బతికాడో లేదో.

అక్కడే ఇంకొకటి జరిగింది. నాకు కళ్ళు తిరిగి పడబోతే, అమ్మ ఒకవైపు, నాయన ఒకవైపు పట్టుకున్నారు. కాసేపు ఒకే బెంచీ మీద నాకు చెరోవైపున కూర్చున్నారు. "చల్లబడిందా?" అన్నాడు నాయన. "పడింది," అంది అమ్మ. నా ద్వారా కాదు! వాళ్ళే అన్నారు! నాకు ఎంత సంతోషమైందంటే, పెద్ద డాక్టరు ఫోటో తీయించి "గొంతులో ఏమీ లేదు," అని చెప్పినప్పుడు నాకు భయమేసింది. ఏమీ లేకపోతే వీళ్ళు మళ్ళీ ఎవరి దారిన వాళ్ళు లేచిపోతారు గదా.

ఆయనే, గొంతులో లేనప్పుడు మనసులో చూసే వాళ్ళ దగ్గరికి తీసుకుపొమ్మని, మద్రాసుకు అవతల ఉన్న ఆస్పత్రి పేరు చెప్పి పంపాడు. పిచ్చాస్పత్రి అని జేజి గుండె బాదుకుంది. రైలు దిగి, బస్సెక్కి పోతే, తీరా అది చెట్ల మధ్య వరసగా కట్టిన గదులు. ప్రతి గది ముందూ ఒక పొయ్యి. అక్కడ రోగిని ఒక్కరినే ఉంచరు. ఇంటివాళ్ళంతా వచ్చి, వండుకుని తింటూ, రోగితో పాటు ఉండాలి. "నాకేం జబ్బు? నేనెందుకు?" అన్నాడు నాయన. కానీ వచ్చాడు. విల్లు కూడా తెచ్చుకున్నాడు. పని లేకుండా ఆయన చేతులు ఊరుకోవు. వచ్చిన రెండో రోజు నుంచే వేపచెట్టు కింద కూర్చుని ఆస్పత్రి దిండ్లు ఏకడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ మందు ఇవ్వలేదు. భోజనాల వేళకు వచ్చి, మాతో పాటు నేల మీద కూర్చుని, "నాకూ పెట్టండి మా," అంది. చేపల పులుసు రెండుసార్లు పోయించుకుంది. జేజితో తన అత్తగారి ముచ్చట్లు చెప్పింది. నాయనను నారి దేనితో చేస్తారని అడిగి తెలుసుకుంది. రోగిని నేను గదా, నన్నేమీ అడగదే అనుకున్నాను. ఆమె తింటూ చూస్తూ ఉంది, అంతే. అమ్మ నా నోటి దగ్గర ముద్ద పట్టుకుని ఉంది. జేజి, "పెట్టు, ఇంకో ముద్ద పెట్టు," అంటోంది. నాయన గోడ వైపు చూస్తూ గబగబా తింటున్నాడు. నేను ముద్ద నోట్లో పెట్టుకుని, ఒక కంటితో అమ్మనూ ఒక కంటితో నాయననూ చూస్తూ, మింగకుండా కూర్చున్నాను.

"పాపకు వయసెంత?" అంది డాక్టరమ్మ.

"పద్దెనిమిది," అంది అమ్మ.

"నోరు ఎవరిది?"

అమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమయింది, కానీ అమ్మ మనసు కష్టపడుతుందని అర్థం కానట్టు ఊరుకున్నాను.

మరునాడు ఆమె సుద్దముక్క తెచ్చి, నేల మీద మా ఇల్లు గీసింది. ఎవరెక్కడ కూర్చుంటారు, ఎవరి మాట ఎవరి దగ్గరికి పోతుంది అని గీతలు. "ఇదేం ముగ్గు?" అంది జేజి. అన్ని గీతలూ నా దగ్గరికి వచ్చి, నా దగ్గరి నుంచి పోతున్నాయి. అమ్మ నుంచి నాయనకు ఒక్క గీత లేదు. డాక్టరమ్మ నా బొమ్మను చెరిపేసి, గది అవతల మళ్ళీ గీసింది. మధ్యలో ఖాళీ మిగిలింది. నాయన ఆ ఖాళీ వైపు చాలాసేపు చూశాడు. అప్పుడే నాకు తట్టింది, ఖాదరును ఈమె ఎక్కడా గీయలేదని. గీయనవసరం లేదు. ఆ ఖాళీ వాడిదే.

జేజి దగ్గర ఆమె ఎంత నైపుణ్యంగా నడుచుకుందో చెప్పాలి. "పెద్దవాళ్ళు మీరు చెబితేనే వీళ్ళు చేస్తారు. మీ ఎదుట మాట్లాడుకోవడానికి సెలవియ్యండి," అని అడిగింది. జేజి ఎగాదిగా చూసి, "నేనేమన్నా నోరు కట్టేసినానా? మాట్లాడుకోమనండి. నా చెవులకు ఎట్టాగూ వినపళ్ళా," అంది. జేజికి చెవులు బ్రహ్మాండంగా వినిపిస్తాయి. ఆ తరువాతిదే చెంబు సంగతి.

చెంబు పోయాక కూడా వాళ్ళు మాట్లాడలేదు. ఉప్పు, పప్పు, కట్టెలు. అంతకు మించి మాటలు సాగేవి కావు. వాళ్ళ గొంతు కాస్త పెరిగిందంటే చాలు, నాకు దగ్గు వచ్చేది, ఊపిరి ఆడేది కాదు. ఇద్దరూ మాటలు ఆపి నా వైపు పరిగెత్తుకొచ్చేవారు. డాక్టరమ్మ వాళ్ళను ఆపి, "పాపను నేను చూసుకుంటాను. మీ పని కానివ్వండి," అనేది. నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చేదో! నేను చచ్చిపోతుంటే వీళ్ళను రానివ్వదేం అనుకునేదాన్ని. ఒకరోజు దగ్గు ఆగాక నా చెవిలో చెప్పింది. "నువ్వు మంచి కూతురువి. వాళ్ళు పోట్లాడకుండా నీ గొంతుతో కాపలా కాస్తున్నావు. వాళ్ళు పెద్దవాళ్ళు మా. పోట్లాడితే చావరు." జబ్బు నాటకమని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. నాటకం కాదు కూడా. గొంతు నిజంగానే మూసుకుపోయేది.

ఒకరోజు ఆమె పోయి నాయన పక్కన కూర్చుంది. "ఈయన మాట ఈ ఇంట్లో ఎవరూ వినలేదు. ఇవాళ నేను ఈయన పక్షం," అంది. అమ్మ భగ్గుమంది. "ఈ డాక్టరమ్మ బిడ్డను కన్నదో లేదో కనుక్కో మే మస్తానూ!" అంది. నేను కిటికీ దగ్గర బిగుసుకుపోయి ఉన్నాను. జవాబు చెప్పలేదు. అమ్మ నా వైపు ఎలా చూసిందంటే, నడి సంతలో నేను ఆమె చెయ్యి వదిలేసినట్టు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ మందు లేని పుండు.

అప్పుడు డాక్టరమ్మ నన్నూ జేజినీ బయటికి పంపింది. "లోపల ఏం వినబడినా రావద్దు," అని నాకు గట్టిగా చెప్పింది. గది ఎదుట కుళాయి గట్టు ఉంది. దాని మీద కూర్చున్నాం. జేజి నా మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యి గానీ, ఇనుప కడియంలా ఉంది.

ముందు అమ్మ గొంతు వినిపించింది. నేను పుట్టి అంత వయసొచ్చినా, అమ్మ నాయనను అలా పిలవడం అదే మొదటిసారి వినడం. "ఏమయ్యా. నా బిడ్డ చెయ్యి ఎందుకు వదిలినావు?"

కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"చెయ్యి జారినాడంటివే. ఎట్ట జారినాడు? నీ చెయ్యి యాడుండాది?"

"జారలా," అన్నాడు నాయన. "చెయ్యి పట్టుకుంటే గదా జారేది. నేను కట్టెల మీద నిద్దరపొయినా. నీడ పడింది, గాలి తగిలింది, కన్ను మూతపడింది. వాడు నాయనా నాయనా అని పిలిచినాడో లేదో కూడా నాకు తెలవదు."

నేను లేవబోయాను. జేజి వదల్లేదు. లోపలి నుంచి అమ్మ అరుపు వచ్చింది. అది ఏడుపు కాదు. ఖాదరును చాపలో తెచ్చిన నాడు కూడా ఆమె అలా అరవలేదు. తరువాత ఏదో పడిన చప్పుడు. తరువాత నాయన ఏడుపు. మగవాళ్ళు అలా ఏడుస్తారని నాకు తెలియదు. నా గొంతు బిగుసుకుంది, దగ్గు వచ్చింది, కళ్ళు బైర్లు కమ్మాయి. ఎంత దగ్గినా లోపలి నుంచి ఎవరూ రాలేదు.

"వదులు జేజీ, అమ్మ చచ్చిపోతాది," అన్నాను.

"చావదు. కూర్చో," అంది జేజి. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "నా కొడుకు ఇన్నాళ్ళూ ఎట్ట మోసినాడో. నేను అడ్డం కూర్చున్నా. నేనే అడ్డం కూర్చున్నా."

చాలాసేపటికి లోపల రెండు ఏడుపులు ఒకటిగా కలిసిపోయాయి. ఏది ఎవరిదో తెలియలేదు. అందులో నాది లేదు. నేను లేకుండా వాళ్ళు ఏడ్చారు. అదే నేను కోరుకున్నది, నిజానికి. కానీ ఆ గట్టు మీద కూర్చుని నాకు కలిగిన దిక్కులేనితనం ఎలా చెప్పను? వాళ్ళిద్దరూ ఒకరికొకరు దొరికారు. మధ్యలో నుంచి లేచినదాన్ని, నేను ఎక్కడికి పోవాలి?

పక్క గదిలో ఒక తమిళావిడ, భర్తకు తోడుగా వచ్చినామె, తన పొయ్యి దగ్గర నుంచి ఇదంతా చూస్తూనే ఉంది. ఒక పళ్ళెంలో రసం అన్నం కలిపి తెచ్చి నా పక్కన పెట్టి, తన పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. జేజి తన ఏడుపులో తాను ఉంది. నా నోటి వైపు చూసేవాళ్ళు ఒక్కరు లేరు. కాసేపటికి చూసుకుంటే పళ్ళెం సగం ఖాళీ అయింది. నేనే తిన్నాను. ఎలా దిగిందో తెలియదు.

కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బాగుండేది!

ఇల్లు చేరాక నేను తింటున్నాను. బుగ్గలు వచ్చాయి. కానీ అమ్మ నాయన మొహం చూడలేకపోయింది. అబద్ధంతో ఇన్నాళ్ళు బతికింది గానీ, నిజంతో ఒక నెల కూడా బతకలేకపోయింది. ఒకరోజు మూట కట్టుకుని చిల్లకూరు, మా మేనమామ ఇంటికి పోయింది. పోయేముందు నాయనకు తానే చెప్పింది. "నేను పోతా ఉండా. ఎన్నాళ్ళో తెలవదు." నాతో ఏమీ చెప్పలేదు. అంతకు ముందు కడుపులో మాటంతా నాకు చెప్పే అమ్మ, ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచి నాకు ఏమీ చెప్పడం లేదు. నా మీద కోపమో, డాక్టరమ్మ చెప్పిందనో. ఖాదరు పరుపు మాత్రం తీసుకుపోలేదు.

మిగిలిన వానాకాలమంతా నాయన వీధుల్లోకి పోలేదు. విల్లు గోడకు వేలాడుతూ ఉండేది. ఎన్నోసార్లు అనుకున్నాను, మళ్ళీ మంచం పడితే అమ్మ వస్తుంది గదా అని. అనుకున్నప్పుడల్లా గొంతులో ఆ పిడికిలి మెల్లగా మూసుకునేది, పిలిస్తే పలికే కుక్కలాగా. నాకు భయమేసేది. జేజికి చెప్పాను. "ఆ డాక్టరమ్మ ఏమన్నాది?" అని అడిగింది జేజి. "పెద్దవాళ్ళ పని పెద్దవాళ్ళకు వదిలెయ్యమన్నాది." "మరి వదిలెయ్. తిను." తినేదాన్ని. ఏడుస్తూ తినేదాన్ని. ఉప్పు వేసుకోనక్కర లేకుండా.

ఆ చలికాలంలో జేజి పోయింది. మంచాన పడలేదు, ఒకరోజు మధ్యాహ్నం పడుకుని లేవలేదు. కబురందుకుని అమ్మ వచ్చింది. నలభయ్యో రోజు ఫాతిహా చదివించడం అయి, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక కూడా తిరిగి పోలేదు. ఇంట్లో ముగ్గురమే. ఇప్పుడు ఎవరి ఎదుట మాట్లాడకూడదని? అయినా అమ్మ పొయ్యి దగ్గర, నాయన అరుగు మీద, నేను మధ్యలో గుమ్మం దగ్గర బియ్యం ఏరుతూ.

"మస్తానూ," అంది అమ్మ. "ఆ పరుపు విప్పమని చెప్పు మే. గట్టిపడిపోయింది."

నాయన విన్నాడు. వినకుండా ఎలా ఉంటాడు? కానీ కదల్లేదు, నా నోటి వైపు చూశాడు. అమ్మ కూడా నా వైపే చూసింది. ఒక్క మాట. మోసేస్తే ఇద్దరికీ తేలిక. అమ్మకు నేను మళ్ళీ దగ్గరవుతాను. మళ్ళీ నా పక్కన కూర్చుని అన్నీ చెప్పుకుంటుంది.

"నువ్వే చెప్పమ్మా," అన్నాను.

అమ్మ మొహం మాడిపోయింది. "ఇంతేనా మే?" అంది. ఎంతో మెల్లగా అంది. నేను చేట పట్టుకుని పెరట్లోకి పోయాను. బియ్యం కనిపించడం లేదు, కళ్ళు నిండిపోయి. ఎంతసేపటికో లోపల నుంచి అమ్మ గొంతు వచ్చింది. "ఏమయ్యా. ఖాదరు పరుపు విప్పు." తరువాత, "రేపు పొద్దున విప్పుతాలే," అన్నాడు నాయన.

పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి విల్లు చప్పుడు వినిపిస్తోంది. అమ్మ చిల్లకూరు పోయినప్పటి నుంచి వినని చప్పుడు. గుమ్మం దగ్గరికి వచ్చి చూశాను. అరుగు మీద ఖాదరు పరుపు విప్పి ఉంది. కుట్లు అమ్మే ఊడదీసింది, దారప్పోగులు ఆమె ఒళ్ళో ఉన్నాయి. పరుపు గుడ్డను మొహానికి ఆనించుకుని కూర్చుని ఉంది. నాయన ఏకుతున్నాడు. దూది పొగలాగా లేచి ఆయన మీసాల మీద, ఆమె జుట్టు మీద వాలుతోంది. ఇద్దరూ ఏడుస్తున్నారు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఆయనకు దగ్గు వచ్చింది. నా కాలు దానంతట అదే నీళ్ళ వైపు కదిలింది. ఈలోపే అమ్మ చెంబు అందుకుని ఆయన ముందు పెట్టింది. "తాగు," అంది.

నేను వెనక్కి తిరిగి వంటింట్లోకి వచ్చాను. కుండలో నుంచి చద్దన్నం పెట్టుకున్నాను. ఉల్లిపాయ చిదిమి, గోడ వైపు తిరిగి కూర్చుని, కడుపు నిండా తిన్నాను. నన్ను ఎవరూ చూడలేదు.